రంగు మీద అతికిన రేకు

రేకుల మేస్త్రికి ఒక అలవాటుంది. బండికి ఎపాక్సీ జిగురు వాడినప్పుడల్లా కలిపినదాంట్లో కాస్త మిగిల్చి, బండి మీద ఎలా చేశాడో అచ్చం అలాగే రెండు రేకు ముక్కల్ని అతికించి పక్కన పెడతాడు. మర్నాడు వాటిని విరగ్గొట్టి చూశాకే బండి వదుల్తాడు. ఇరవయ్యేళ్లలో ఒక్కసారే ఆ నియమం తప్పాడు. అదీ ఇంటి అల్లుడి కోసం.

చెల్లెలి కారు బానెట్ లోపల, లాకు కొక్కేలు బిగించే రేకు తుప్పుపట్టి ఊడొచ్చింది. వెల్డింగు పెడితే పైన రంగు కాలిపోతుంది. అందుకని కొత్త రేకు కోసి జిగురుతో అతికిద్దామనుకున్నాడు. ఇనుము తేలేదాకా పాత రంగు తీసెయ్యాలని గ్రైండరు అందుకున్నాడో లేదో, చెల్లెలి మొగుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"గోకకు బావా. కంపెనీ రంగు. అది పోతే మళ్లీ తుప్పే."

"రంగు మీద జిగురు నిలవదు బావా."

"నీ జిగురు ఏనుగునైనా పట్టుకుంటుందని పెళ్లిళ్లలో కూడా చెప్తావుగా. ఇప్పుడు దానికి సిగ్గేసిందా?"

పక్కనున్న పెయింటరు కిసుక్కున నవ్వాడు. ఐదో తరగతితో బడి మానేసిన మేస్త్రికి పౌరుషం ఒక్కటే ఆస్తి. ఎవడైనా చెయ్యి పెట్టి గిల్లేదీ దాన్నే. మేస్త్రి గరుకు కాగితంతో పైపైన రెండుసార్లు రుద్ది అతికించేశాడు. అలవాటు కొద్దీ రంగున్న రెండు రేకు ముక్కల్నీ అలాగే అతికించి పక్కన పెట్టాడు. సాయంత్రానికి రాయిలా గట్టిపడింది. మర్నాటిదాకా ఆగకుండా బావ బండి తోలుకుపోయాడు.

మర్నాడు పొద్దున రేకు ముక్కల్ని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి సుత్తి కోసం చెయ్యి చాపాడు. సుత్తి అవసరం రాలేదు. బొటనవేలితో నెడితే ఊడొచ్చింది. జిగురు చెక్కుచెదరలేదు. దాని వెంట రంగు మాత్రం కాలిన చర్మంలా పొరగా లేచొచ్చింది. జిగురు రంగుని పట్టుకుంది, రంగు ఇనుముని వదిలేసింది.

మేస్త్రి ముక్కలు వదిలేసి బావకి ఫోను చేశాడు.

"బండేది?"

"మీ చెల్లి తీసుకెళ్లింది, పాపని హాస్టల్లో దింపడానికి. ఈపాటికి హైవే ఎక్కుంటుంది. ఏం?"

జవాబు చెప్పకుండా పెట్టేశాడు. గాలికి బానెట్ లేస్తే వచ్చి అద్దం మీద పడుతుంది, తోలేవాళ్ల కళ్లకు గంతలు కట్టినట్టే. ఒకటి జారినా ఆపడానికి రెండో కొక్కెం ఉంటుంది గానీ, రెండూ ఆ రేకు మీదే ఉన్నాయి. అలాంటి బండి ఒకటి ఓసారి షాపుకొచ్చింది. దాని సీటు కడిగింది తనే.

చెల్లెలికి చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి మేనకోడలు ఎత్తింది.

"అమ్మ డ్రైవింగులో ఉంది మామయ్యా. తర్వాత చేయి."

"పెట్టకు తల్లీ. ఎంత స్పీడులో ఉన్నారు?"

"తొంభై."

"మెల్లగా కాలు తియ్యమను. బ్రేకు గట్టిగా తొక్కొద్దను. పక్కకి తియ్యమను."

అవతల ఏవో మాటలు. "బానెట్ ఇందాకట్నుంచీ ఆడుతోందంట. గాలికనుకుందంట."

"ఇప్పుడెంత?"

"అరవై... యాభై... మామయ్యా, లేస్తోంది."

ధన్‌మని చప్పుడు. పిల్ల కేక. ఆ తర్వాత గాలి హోరు, ఎవరిదో లారీ హారను. మేస్త్రి వైసు పట్టుకుని నిలబడ్డాడు. హోరు తగ్గింది. తర్వాత అదీ లేదు.

"అన్నయ్యా," చెల్లెలి గొంతు. "ఆగాం. అద్దం మీద పడ్డ బానెట్ కింద కాస్త సందు కనబడితే వంగి చూసుకుంటూ ఆపాను. ఇది ఊడుతుందని నీకెలా తెలుసు?"

పెయింటరు దగ్గరికొచ్చి గొణిగాడు. "బావగారే గోకొద్దన్నారని చెప్పు."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "రంగు తియ్యకుండా అతికించానమ్మా."

"అలా అతికిస్తే ఊడుతుందని నిన్న తెలుసా?"

"తెలుసు."

వెనకాల పిల్ల ఏడుస్తోంది.

"బండి తెప్పించుకో. మేం బస్సులో పోతాం."

"నేనొచ్చి దింపుతానమ్మా."

"వద్దు," అంది ఆమె, మామూలు గొంతుతోనే.