తొమ్మిదో అంతస్తు తలుపు

ఆర్డిస్ క్వామ్మె రెండు శీతాకాలాలు కూర్చుని, ఒక ఆట కోసం తొమ్మిది అంతస్తుల పాతాళ రాజ్యాన్ని నోటుపుస్తకంలో గీసింది. అమెరికాలోని మిన్నెసోటాలో మంచు పడ్డాక, ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె ఇంటి నేలమాళిగలో పింగ్‌పాంగ్ బల్ల చుట్టూ ఆరుగురు చేరేవారు. ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ, ఒకరు కత్తివీరుడు. ఏ తలుపు తెరుస్తారో వాళ్లు చెప్పేవారు. దాని వెనక ఏముందో ఆర్డిస్ చెప్పేది. బతుకుతారో చస్తారో పాచికలు తేల్చేవి.

ఆ ఆరుగురిలో రాయిస్ టెట్జ్‌లాఫ్ ఒకడు. "శుభ్రంగా టైపు చేసి తెస్తానండీ" అని ఆమె నోటుపుస్తకం పట్టుకెళ్లాడు. మళ్లీ గడప తొక్కలేదు. ఏడాది తిరిగేసరికి పై ఐదు అంతస్తులూ పుస్తకంగా అచ్చయ్యాయి. అట్ట మీద రాయిస్ పేరు. చివరి పేజీలో ఒక్క వాక్యం: "ఆదివారాలు కాఫీ ఇచ్చిన క్వామ్మె గారికి కృతజ్ఞతలు."

ఆమె నిలదీస్తూ ఉత్తరం రాసింది. "అందరం కలిసి ఆడుకున్నదే కదండీ, మీదేంటి, నాదేంటి" అని జవాబొచ్చింది. ఆర్డిస్ ఆ కాగితాన్ని చింపలేదు. కోపం కాస్త చల్లారినట్టనిపించినప్పుడల్లా తీసి చదువుకునేది.

పందొమ్మిది వందల డెబ్బై ఆరు ఆగస్టులో విస్కాన్సిన్‌లో ఆటగాళ్ల సమావేశం జరిగింది. అందులో రాయిస్ రెఫరీగా, అంటే తలుపుల వెనక ఏముందో చెప్పేవాడిగా, పోటీ పెట్టాడు. ఆర్డిస్ నోటుపుస్తకంలో అచ్చు కాకుండా మిగిలిన కింది నాలుగు అంతస్తుల్లో ఆట. అన్ని జట్లకీ ఒకటే మ్యాపు. ఆర్డిస్ తన మరిది ఆరిన్‌ని వెంటబెట్టుకుని మధ్యాహ్నం ఆటలో కూర్చుంది.

ఆమెని చూడగానే రాయిస్ మొహం పాలిపోయింది. "మీరా! ఇంత దూరం వచ్చారే."

"ఆడదామని వచ్చాను. మొదలుపెట్టు."

ఆరో అంతస్తులో మూడో గుమ్మం దగ్గర ఆమె ఆగింది. "పైకప్పుని కర్రతో పొడుస్తున్నాను." బండ కూలింది, ఎవరికీ తగల్లేదు. తర్వాతి ఉచ్చూ అంతే, ఆ తర్వాతదీ అంతే. రాయిస్ చొక్కా చెమటతో తడిసిపోయింది. ఏడో అంతస్తులో అతను గబుక్కున, "మీ కాళ్ల కింద గొయ్యి తెరుచుకుంది" అన్నాడు.

పొద్దున ఆడిన జట్టు వెనకే నిలబడి చూస్తోంది. వాళ్లలో ఒకతను, "మాకక్కడ గొయ్యి లేదే!" అన్నాడు.

నిర్వాహకుడు ఫెంటన్ దగ్గరికొచ్చాడు. "మ్యాపులో ఉందా, రాయిస్?"

"పొరపాటున... అది వేరే గది."

"తొందరేం లేదు, చూసుకునే చెప్పు" అంది ఆర్డిస్. చాలాకాలం తర్వాత ఆమెకి కడుపు నిండినట్టనిపించింది.

తొమ్మిదో అంతస్తులో చివరి తలుపు. సరైన మాట పలికితేనే తెరుచుకుంటుందని రాయిస్ చదివాడు. పొద్దున జట్టు నలభై మాటలు చెప్పి ఓడిపోయింది.

"సరైన మాటేంటో కాగితం మీద రాసి ఫెంటన్ గారి చేతికివ్వు" అంది ఆర్డిస్. "మేం చెప్పాక సరిచూసుకుంటారు."

రాయిస్ పెన్ను పట్టుకున్నాడు. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. నోటుపుస్తకంలో ఆ మాట లేదు. ఆమె దాన్ని ఎక్కడా రాయలేదు.

"తెలీదా నీకు? మరి పొద్దున నలభై మాటలూ తప్పని ఎలా అన్నావు?" అన్నాడు ఫెంటన్.

"ఆరో అంతస్తులో ఒక్క నత్త కూడా లేదని నువ్వే చదివావు" అంది ఆర్డిస్, అతని కళ్లలోకి చూస్తూ. "ఏడులో విగ్రహాల్ని ఏవో నాకి నాకి అరగదీశాయన్నావు. ఎనిమిదిలో గోడ పక్కన గొడ్ల ఎముకలన్నావు, నీళ్లు దొరక్క చచ్చాయన్నావు. చదివావే గానీ ఎందుకని ఒక్కసారీ ఆలోచించలేదు. నత్తని చంపేది, గొడ్లు నాకేది, దాహం పెంచేది ఒకటే. ఆ మాట ఉప్పు."

పొద్దున జట్టులో ఎవరో నుదురు కొట్టుకున్నారు. ఫెంటన్ రాయిస్ ముందున్న నోటుపుస్తకం తీసి, లోపలి చేతిరాత చూసి, నమోదు కాగితం మీద ఆర్డిస్ సంతకం చూశాడు. రెండూ ఒకే చేతివి. పోటీ రద్దని అక్కడికక్కడే చెప్పి, నోటుపుస్తకాన్ని ఆమె చేతికిచ్చాడు.

రాయిస్ ఆమె కుర్చీ పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "రెండో ముద్రణలో మీ పేరే ముందు వేయిస్తానండీ."

"నా పేరు పక్కన నీ పేరు నాకొద్దు."

అతని కళ్లు చెమ్మగిల్లాయి. ఆమెకి జాలి కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు చూసింది కూడా.

"ఇంతకీ ఆ తలుపు వెనక ఏముంది, వదినా?" అన్నాడు ఆరిన్. చుట్టూ ఉన్నవాళ్లంతా దగ్గరికి జరిగారు. పాచికలు సంచీలో వేసుకుంటున్న రాయిస్ చేతులు ఆగాయి.

రాయిస్ సంచీ భుజాన వేసుకుని, హాలు దాటి, వాకిట్లోని ఎండలోకి వెళ్లేదాకా ఆర్డిస్ ఆగింది. అతని వెనక హాలు తలుపు మూసుకున్నాక ఆరిన్ వైపు తిరిగి, నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది.