భూమయ్య ఇయ్యాల ఏం తిన్నడు?

గంజి వార్చేటప్పుడు హన్మంతు ఎవరినీ దగ్గరికి రానివ్వడు. కాళ్లు ఎడంగా పెట్టి, గోనెగుడ్డలు చుట్టిన చేతులతో పెద్ద డేగిసా అంచులు పట్టి, మూత జారకుండా అదిమి మెల్లగా వంచుతాడు. గంజి ధారకట్టి తొట్టిలో పడుతుంటే ఆవిరికి అతని కనుబొమలు తడిసిపోతాయి. నలభైకి రెండేళ్లు తక్కువే అయినా చూసినవాళ్లు యాభై అంటారు. ముందరి పళ్లు రెండు లేవు. ఎడమ పిక్క మీద ఎప్పుడో మానిన పుండు తాలూకు నల్లమచ్చ ఉంది. చేతివాటం మాత్రం గట్టిది. సిద్దిపేట మోటరు స్టాండు దగ్గరున్న కాశీనాథం హోటల్‌కు హైదరాబాదు మోటరు దిగినవాళ్లు తిన్నగా నడిచి వస్తారంటే అతను వండే పొడిపొడి అన్నం కోసమే. కాశీనాథం మాత్రం తన పలకరింపు కోసం అనుకుంటాడు.

ఆ పొద్దున అన్నం మెత్తబడింది. హోటల్‌లో చేరి పది నెలలైంది, ఇట్లా ఎన్నడూ కాలేదు.

"ఏంది హన్మంతూ, బువ్వ జావలెక్క చేసినవ్?" అన్నాడు కాశీనాథం, గరిటెతో తిప్పి చూసి.

"మనసు మనసుల లేదు సేటూ."

"అవ్వకు ఎట్లున్నది?"

"జరం పట్టి పదకొండొద్దులాయె. గటక మింగుతలేదు. బువ్వ ముట్టది."

"కొడుకేమో వంటోడు, తల్లేమో బువ్వ ముట్టదు. గిదేం తమాషనయ్యా," అని కాశీనాథం నవ్వబోయి, వంటవాడి మొహం చూసి ఊరుకున్నాడు. పడమటి నుంచి వచ్చే మోటరుకు వేరే ఎసరు పెట్టమన్నాడు. మెత్తబడినదాన్ని ఇంటికి పట్టుకుపొమ్మన్నాడు.

హన్మంతు మళ్లీ బియ్యం కడగడానికి కూర్చున్నాడు. ఈ రోజు చెప్పెయ్యాలి అనుకున్నాడు. నిన్నా అట్లాగే అనుకున్నాడు, మొన్నా అనుకున్నాడు.

అతను చెప్పవలసింది ఒక్క మాట: తమ్ముడు భూమయ్య చనిపోయి రెండేళ్లు దాటింది.

తల్లి రాములవ్వ బతుకంతా పరాయి పొలాల్లో వరి నాటింది, కోసింది, దంచింది. ఇంటికొచ్చి జొన్న గటక కాచుకుంది. వరి అన్నం ఆ ఇంట్లో పండుగనాటి మాట. అందుకే పట్టాలంలో రెండు పూటలా వరిబువ్వ పెడతారని వినగానే హన్మంతూ, అతనికంటే తొమ్మిదేళ్లు చిన్నవాడైన భూమయ్యా వంటవాళ్లుగా చేరిపోయారు. తుపాకీ పట్టని మనిషిని ఎవరు కాలుస్తారని వాళ్ల ధీమా. మోటరెక్కేనాడు తల్లి ఏడవలేదు. ఒట్టు పెట్టుకుంది. "మీరిద్దరు తిరిగొచ్చి ఒక్క వరుసల కూసున్ననాడే నేను బువ్వ ముడుత," అంది. ఆరేళ్లయింది. అప్పట్నుంచి ఆమె నోట్లోకి ఒక్క మెతుకు పోలేదు.

అన్నదమ్ములు సింగపూరులో జపాను వాళ్లకు పట్టుబడ్డారు. అక్కణ్ణుంచి ఓడలో ఎక్కించి ఏదో దీవికి తోలారు. యుద్ధం ముగిశాక హన్మంతు ఒక్కడే తిరిగి వచ్చాడు. మోటరు దిగి వాడకట్టులోకి వచ్చేసరికి రాములవ్వ ఇరుగమ్మలతో అరుగు మీద అష్టాచెమ్మ ఆడుతోంది. చేతిలో గవ్వలు చేతిలోనే ఉండిపోయాయి. కొడుకును తడిమింది, ముద్దు పెట్టుకుంది. తర్వాత అతని భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"చిన్నోడేడి?"

దారి పొడవునా కూడబలుక్కున్న మాటలన్నీ ఆ చూపుకు ఎగిరిపోయాయి. "జపాన్ల ఉన్నడవ్వా. మన పట్టాలం ఒకటి ఆడికి పోయింది. వంటకు వాణ్ని ఉంచుకున్నరు," అనేశాడు. అబద్ధమాడటం చేతకాని మనిషికి ఆ ఒక్కపూట అంత చక్కగా ఎట్లా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఆడ ఏం తింటుండు?" అంది రాములవ్వ.

అట్లా మొదలైంది. పొద్దు మాపు తల్లీ కొడుకూ కోడలూ తినడానికి కూర్చోగానే రాములవ్వ గటక ముద్ద చేతిలోకి తీసుకొని, "మనోడు ఇయ్యాల ఏం తిన్నడు?" అని అడిగేది. హన్మంతు చెప్పేవాడు. అతను జపాను చూసింది లేదు. దీవిలో వాళ్లిద్దరినీ పనిలో పెట్టుకున్న జపాను వంటవాడు ఒకడుండేవాడు. పేరు నోరు తిరగక అన్నదమ్ములు అతణ్ణి ఇస్తారి అనేవారు, తమ వాడలో ఇస్తారి అనే మనిషిలాగే దొడ్డికాళ్లతో నడుస్తాడని. ఆ ఇస్తారికి ఇంటి మీద బెంగ. వచ్చీరాని హిందుస్తానీతో, చేతుల సైగలతో, మట్టిలో పుల్లతో బొమ్మలు గీసి, వాళ్లమ్మ చేసే వంటలన్నీ చెప్పేవాడు. పులియబెట్టిన గింజల ముద్దతో కాచే చారు. ఉప్పులో నెలల తరబడి ఊరిన ముల్లంగి. ఎండబెట్టి కాగితంలా చేసిన సముద్రపు నాచులో చుట్టిన అన్నం. అన్నం నడుమ పెట్టే పుల్లటి ఉప్పు పండు. ఆ తల్లి వంటలన్నింటినీ హన్మంతు తెచ్చి ఈ తల్లి ముందు భూమయ్య పళ్లెంలో వడ్డించేవాడు.

"నాచు తింటుండా! మన చెరువుల బర్రెలు గూడ తినయి గదరా!" అని రాములవ్వ విరగబడి నవ్వేది. మర్నాడు వాడకట్టంతా ఆ ముచ్చటే. అక్కడివాళ్లు చేత్తో తినరనీ, రెండు పుల్లలతో తింటారనీ చెబితే ఆమె నమ్మలేదు. హన్మంతు చీపురుపుల్లలు రెండు విరిచి, వాటితో చింతగింజలు ఒక్కొక్కటే ఎత్తి గిన్నెలో వేసి చూపించాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో అదొక ఆటైంది. హన్మంతు భార్య దుర్గవ్వకు మూడుకు మించి రావు. రాములవ్వ నెల తిరిగేసరికి పన్నెండు దాకా ఎత్తింది. "చిన్నోడు వస్తె వాణ్నే ఓడగొడుత," అనేది. దుర్గవ్వకు నిజం తెలుసు. అత్త అట్లా అన్నప్పుడల్లా ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయేది.

తమ్ముడు లేని ఇంట్లో తమ్ముడి తిండి గురించి నవ్వుకుంటూ తిన్న ఆ పది నెలలే హన్మంతు బతుకులో నిండైన రోజులు. తప్పని తెలుసు. అయినా ఆ నవ్వు మానుకోలేకపోయాడు.

ఇప్పుడు జ్వరం వచ్చిపడింది. వైద్యుడు నాడి చూసి, పేగులు పుండ్లయ్యాయి, జొన్న ముట్టించొద్దు, మెత్తటి అన్నమే పెట్టండి, లేకుంటే మనిషి నిలవదు అని చెప్పిపోయాడు. హన్మంతు మూడోనాడు గంజిలో రంగుకు కాస్త జొన్న అంబలి కలిపి తెచ్చాడు. రాములవ్వ ఒక్క గుక్క నోట్లో పెట్టుకొని, "జొన్నకు గింత కమ్మదనం ఏడికెల్లి వచ్చిందిరా?" అని గిన్నె పక్కకు నెట్టింది. పెద్ద పేరున్న వంటవాడు దొంగలా తల వంచుకున్నాడు. ఒట్టు ఒట్టే. ఇద్దరు కొడుకులూ వరుసలో కూర్చుంటేనే.

పగటి మోటరు వెళ్లిపోయాక హన్మంతు మెత్తటి అన్నం ముంతలో పెట్టుకొని ఇంటికి బయల్దేరాడు. దుర్గవ్వ గడపలోనే ఎదురైంది.

"ఇయ్యాల చెప్తవా, నన్ను చెప్పుమంటవా? నీ ముచ్చట్లకు ముసల్దాని పానం పోతది," అంది గొంతు తగ్గించి.

"నేనే చెప్త," అన్నాడు.

రాములవ్వ నులకమంచం మీద గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. ముఖంలో ఎముకలు తేలాయి. వరినాట్లకు వంగి వంగి గూని పట్టిన వీపు ఇప్పుడు నిలవలేక పక్కకు ఒరుగుతోంది. కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. హన్మంతు కాళ్లు కడుక్కొని మంచం పక్కన తన చోట కూర్చున్నాడు.

"వచ్చినవా? మనోడు ఇయ్యాల ఏం తిన్నడు?"

నోరు తెరిస్తే పాత మాటే వచ్చింది. "నాచు చుట్టిన బువ్వ తిన్నడట. చారు తాగిండట," అన్నాడు.

"ఎవలు చెప్పిన్రు?"

"మోటర్ల పట్టాలం దోస్తు వచ్చిండు."

"వాడు నన్ను అడిగిండా?"

"ఏమని?"

"అవ్వ తిన్నదా అని."

రాములవ్వ అతని ముఖంలోకి చూస్తూ మెల్లగా అంది. "నోటికి మాట వచ్చినకాన్నుంచి వాడు, అవ్వా నువ్వు తిన్నవా అని అడగంది తలెల చెయ్యి పెట్టలే. నువ్వు వచ్చి పది నెలలాయె. వాడు గిది తిన్నడు, గది తాగిండు అని రోజు చెప్తవ్. ఒక్కనాడన్న నన్ను అడిగిండని చెప్పకపోతివి. మొదటి వారంలనే నాకు తెల్సింది బిడ్డా."

దుర్గవ్వ గడప దాటి లోపలికి వచ్చింది.

"తెల్సినంక గటక ఎందుకు తిన్నవవ్వా? బువ్వ ఎందుకు ముట్టలే?" హన్మంతు గొంతు చిన్నపిల్లవాడిలా పలికింది.

"నేను బువ్వ ముడితె నువ్వు చెప్పుడు బందు చేస్తవ్. నువ్వు చెప్పినంతసేపు వాడు గాడ కూసోని తింటున్నట్టే ఉంటుండె." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇగ నిజం చెప్పు. వాడు ఆఖరుకు ఏం తిన్నడు?"

అవ్వ తిన్నదా అనే ఆ మాటను హన్మంతు మరిచిపోయి వదిలెయ్యలేదు. అదొక్కటి నోటికి తెస్తే మిగతా అబద్ధమంతా కూలిపోతుందని వదిలేశాడు. ఇప్పుడు నేల చూస్తూ చెప్పాడు. దీవికి ఓడలు రావడం ఆగిపోయింది, ఖైదీలకే కాదు, కాపలావాళ్లకూ తిండి లేదు. భూమయ్య విరేచనాలతో పడిపోయాడు. ఇస్తారి ఎక్కడో దాచుకున్న పిడికెడు బియ్యం వండి, ఉప్పునీళ్లతో చేతులు తడుపుకొని మూడు మూలల ముద్ద ఒత్తి, ఆకులో పెట్టి తెచ్చాడు. వాళ్ల దేశంలో దూరం పోయే కొడుకుకు తల్లి అట్లా ఒత్తి ఇస్తుందని అన్నాడు.

"చిన్నోడు సగం తిన్నడవ్వా. 'అవ్వ తిన్నదో లేదో' అన్నడు. సగం నా దిక్కు జరిపిండు. మళ్ల లేవలే." హన్మంతు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "వాని పక్కన కూసోని ఆ సగం నేను తిన్న. వాని పెయ్యి ఇంక సల్లబడలే. ఆకలి ఆగలేదవ్వా. నేను తిన్న."

అతను పది నెలలుగా దాచింది తమ్ముడి చావు ఒక్కటే కాదు. ఈ సగం ముద్ద కూడా.

రాములవ్వ వంగి అతని చేతులు ముఖం మీద నుంచి తీసింది. ఏడుస్తూనే ఉంది, గొంతు మాత్రం వణకలేదు. "తిన్నవా? మంచిగ చేసినవ్. తినమనే గద వాడు జరిపిండు. తినకుంటె నువ్వు గూడ రాకపోతివి." కొంగుతో అతని కళ్లు తుడిచింది, తర్వాత తన కళ్లు తుడుచుకుంది. "గా ముద్ద ఎట్ల ఒత్తిండో గట్ల ఒత్తు. తింట."

దుర్గవ్వ ఉప్పు కలిపిన నీళ్లు తెచ్చింది. హన్మంతు చేతులు తడుపుకొని మెత్తటి అన్నం తీసుకొని, అటు తిప్పి ఇటు తిప్పి, మూడు మూలలు వచ్చేట్టు ఒత్తి ఇత్తడి పళ్లెంలో పెట్టాడు. రాములవ్వ దాన్ని రెండుగా చేసింది.

"సగం వానికి. గిన్ని దినాలు నోటితోని పెట్టినం గని ఆకుల పెట్టలే. వాడు ఉపాసమే ఉన్నడు. పో, పిట్టకు పెట్టి రా."

పోయినవాళ్ల పేరు మీద ముద్ద పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితేనే వాళ్ల ఆకలి తీరినట్టు. పది నెలలుగా ఆ ఇంట్లో భూమయ్యకు రోజూ విందే, కాని ఆకులో ఒక్క మెతుకు పెట్టింది లేదు. ఆ సంగతి హన్మంతుకు ఆ క్షణం దాకా తట్టనే లేదు. మోదుగాకులో సగం ముద్ద పెట్టుకొని దొడ్లోకి పోయి, మట్టిగోడ మీద ఉంచి, రెండడుగులు వెనక్కి జరిగి చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

చాలాసేపు ఏ పిట్టా రాలేదు. పక్కింటి పెంకుల మీద కాకి ఒకటి మెడ పక్కకు వంచి చూస్తూ కూర్చుంది. "రారా చిన్నోడా, అవ్వ తింటుందిరా. నువ్వు గూడ తిను," అన్నాడు హన్మంతు. ఇంకాసేపటికి కాకి గోడ మీద వాలింది. ఒకసారి పొడిచింది, మరోసారి పొడిచింది, మిగిలిన ముద్దను ముక్కున కరుచుకొని ఎగిరిపోయింది.

"అవ్వా, ముట్టింది! మొత్తం తీస్కపోయింది!" అంటూ హన్మంతు లోపలికి పరుగెత్తాడు.

దుర్గవ్వ మంచం పట్టె మీద కూర్చొని అత్త తలను ఒడిలోకి తీసుకొని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు అటు పోంగనే తిన్నది," అంది. "బువ్వ కమ్మగుందే అన్నది. కండ్లు మూస్తె నిద్రనుకున్న."

హన్మంతు తల్లి పాదాలు పట్టుకొని చూశాడు. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఏం చెయ్యాలో తోచక వచ్చి తన చోట కూలబడ్డాడు. మంచం మీద ఇత్తడి పళ్లెం అట్లాగే ఉంది. అందులో, అతను కూర్చునే వైపు అంచుకు జరిపి, రాములవ్వ మూడు వేళ్ల గుర్తులతో ఉసిరికాయంత అన్నం ముద్ద ఒకటి మిగిలి ఉంది.