ముందుకు లాగిన నెలలు

ఢిల్లీలో ప్రపంచ వ్యవసాయ ప్రదర్శన జరగబోతున్నదని గ్రామసేవకుడు ఓబులేసు సైకిలు మీద నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలోని ఊళ్ళన్నీ తిరిగి చెప్పాడు. అంత పొడుగు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ప్రపంచ తిరునాళ్ళు అన్నారు. నాలుగు ఊళ్ళు దాటేసరికి ఓబులేసు కూడా ఆ మాటకే దిగివచ్చాడు.

"బ్లాకు నుంచి కొంతమంది రైతుల్ని పంపిస్తారంట. ఈ ఊరికి నీ పేరే రాసుకున్నా చెంచురామన్నా. తోడుగా ఇంట్లో ఒకర్ని తెచ్చుకోవచ్చు" అన్నాడు.

చెంచురామయ్య నారుమడి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. "చూసేదానికా, చూపించేదానికా?"

"రెండిటికీ."

"నా దగ్గర చూపించేదానికి ఏముందబ్బా? ఈ మొగమా?"

"మొగం ఎవరిక్కావాల? నీ మొలగొలుకులు."

ఆ మాటకు చెంచురామయ్య నవ్వు ఆపి లేచి నిలబడ్డాడు. మొలగొలుకుల వరి అంటే ఆయనకు అంత గౌరవం. తొందరగా చేతికొచ్చే పంట కాదది. మనిషి ఎత్తు పెరుగుతుంది, గాలి వీస్తే పడుకుంటుంది, అయినా ఆ బియ్యం తిన్న నోరు ఇంకో బియ్యం మెచ్చదు. అట్లాంటి వడ్లను గుప్పెట్లో పోసుకుని ఢిల్లీ దాకా పోయి చూపిస్తే ఏం తెలుస్తుందని ఆయన బాధ.

"గింజలన్నీ గింజలే. దుబ్బు నిలబడుండాల, వెన్ను వంగుండాల. అప్పుడు గదా తెలిసేది" అన్నాడు ఆ సాయంత్రం తమ్ముడితో.

తమ్ముడు పద్మనాభయ్య ఊళ్ళోనే బడిపంతులు. తల్లీ తండ్రీ పోయాక అన్నే పెంచి, చదివించి, ట్రైనింగుకు పంపించాడు. అన్న అడిగాడని బడిలోని ఇండియా పటం చుట్టి ఇంటికి తెచ్చేవాడు. పంచలో దాన్ని పరిచి నాలుగు మూలలా నాలుగు చెంబులు పెట్టేవాళ్ళు. చెంచురామయ్య గడ్డిపరకతో నెల్లూరి నుంచి ఢిల్లీ దాకా గీత గీసేవాడు.

"ఈ నీలం గీత మన పెన్నేనా?"

"అవునన్నా. నెల్లూరు స్టేషను దాటగానే వంతెన వస్తుంది."

"అప్పుడు నేను కునుకు తీస్తా ఉంటే లేపు. ఏట్లో డబ్బులెయ్యాల."

దుబ్బును వేళ్ళ మట్టితో సహా తవ్వి, పెద్ద కాగులో నాటి, రైల్లో తీసుకుపోవాలని నిర్ణయమైంది. చెంచురామయ్య భార్య మాలకొండమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఇదంతా వినేది.

"మీ ఇద్దరికీ టిక్కెట్టు వాళ్ళిస్తారు. కాగుకి ఎవరిస్తారు?"

"కాగును ఒళ్ళో పెట్టుకొని నువ్వూ రా."

"ఆడ చలంట గదా. వరి బిగుసుకపోదా?"

"నీ దుప్పటి కప్పుతాలే."

"ఇంకేం, నా దుప్పటి కూడా తిరునాళ్ళు చూసొస్తాది" అనేది ఆమె.

నాట్లు పడ్డాయి. వరి కయ్యలో, నీళ్ళు పారే మడవ దగ్గరి మూలను చెంచురామయ్య ఢిల్లీకని విడిగా పెట్టుకున్నాడు. అక్కడ కలుపు ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. ఆశ్వయుజంలో ఆయనకు జ్వరం వచ్చింది. వారం తిరగకుండానే పోయాడు.

పిల్లలు లేరు. పద్మనాభయ్యే కొరివి పెట్టాడు. కర్మ ముగిసి బడికి వెళ్ళాక, ఆ నెలంతా పిల్లలకు లెక్కలే చెప్పాడు. పటం చుట్ట విప్పలేదు.

కార్తీకంలో ఓబులేసు వచ్చాడు. సైకిలు దూరంగా ఆపి, చెప్పులు విడిచి, గడప బయటే నిలబడ్డాడు.

"అన్న పేరు మీదున్న చోటు అట్టనే ఉండాది అయ్యవారూ. మీ ఇంట్లో ఎవరొచ్చినా సరే అన్నారు. మీరు రాగలరా? ఏడు తిరగలేదు గదా మరి..."

"చూసి చెబుతాను" అన్నాడు పద్మనాభయ్య.

ఓబులేసు వెళ్ళాక ఆయన మడవ దగ్గరికి నడిచాడు. దుబ్బులు మోకాళ్ళు దాటి ఎదిగాయి. అన్న వేసిన గట్టు అట్లాగే ఉంది. ప్రయాణం మాట ఒక్కటి ఇంకా తెగలేదు కాబట్టి అన్న పని ఏదో ఇంకా నడుస్తున్నట్టే ఆయనకు అనిపించింది. ఇది కూడా ఆగిపోతే ఇక మిగిలేది ఏడాది ఏడాదికీ వచ్చే తిథి ఒక్కటే. ఈ దుబ్బును ఢిల్లీలో నిలబెట్టి రావాలి. ఆ తర్వాత ఏమైనా సరే.

అడ్డం పెన్న. కొరివి పెట్టినవాడు ఏడాది తిరిగేదాకా నది దాటకూడదు, కొండ ఎక్కకూడదు. పెన్న దాటకుండా నెల్లూరి నుంచి ఢిల్లీకి రైలు లేదు.

ఆయన శాస్త్రులుగారి దగ్గరికి వెళ్ళాడు.

"ఇంట్లో పెళ్ళి ముంచుకొచ్చిందనుకో" అన్నారు శాస్త్రులుగారు, "మిగిలిన మాసికాలన్నీ ముందుకు లాగి, ఏడాది తద్దినంతో సహా ఒక్కనాడే పెట్టేస్తారు. ఆపైన నీకు నిషేధం లేదు. తిరునాళ్ళ కోసం లాగినవాణ్ణి మాత్రం ఇంతవరకూ చూళ్ళేదయ్యా."

"అన్న పని స్వామీ."

శాస్త్రులుగారు పంచాంగం తీశారు.

ఇక వదినకు చెప్పాలి. కార్తీకంలో వచ్చిన మొదటి తిథినాడు మాలకొండమ్మ తెల్లవారేసరికి తలకు పోసుకుని, తడి చీరతోనే పొయ్యి ముట్టించింది. ఇంకెవరినీ వంట ముట్టనివ్వలేదు. పద్మనాభయ్య భార్య పిచ్చమ్మ కూడా నీళ్ళు అందించి పక్కకు తప్పుకుంది. మిగిలిన రోజుల్లో మాలకొండమ్మ ఏం తింటున్నదో, అసలు తింటున్నదో లేదో ఎవరికీ తెలిసేది కాదు.

పద్మనాభయ్య చెప్పినదంతా ఆమె తల వంచుకుని విన్నది.

"ఏడాది కూడు ఒక్క పూటే పెట్టేద్దామంటావా అబ్బయ్యా?"

ఆయన ఆమె చేట పక్కన రాలిన గింజలు ఏరసాగాడు.

"ఒక తిథి అయినాక ఇంకో తిథి దాకా ఆలోచిస్తా ఉంటా, ఈ నెల ఏం వండాలా అని. అదీ అయిపోతే ఇంకేం ఆలోచించేది?"

"వద్దంటే మానుకుందాం వదినా."

ఆమె చాలాసేపు చేటలోని బియ్యాన్ని అటూ ఇటూ జరిపింది. "ఆ దుబ్బు మీద ఆయన ప్రాణం ఉండె. పో. పెట్టేద్దాం."

మానుకుందామన్న మాట పద్మనాభయ్య రెండోసారి అనలేదు.

మార్గశిరంలో శాస్త్రులుగారు చెప్పిన రోజున పంచలో వరసగా అరిటాకులు పరిచారు. ఏ నెలకు ఆ నెల ఆకు. అన్నిటికీ ఒకే వంట చాలునన్నారు శాస్త్రులుగారు. మాలకొండమ్మ ఒప్పుకోలేదు. ఏ కాలంలో చెంచురామయ్య ఏది ఇష్టంగా తినేవాడో ఆ కాలపు ఆకులో అది ఉండాలన్నది. పుష్యమాసం ఆకులో చిక్కుడుకాయ కూర పెట్టింది. శ్రావణానికి కాకరకాయ ఎక్కడి నుంచో తెప్పించింది. జ్యేష్ఠానికి తాటిముంజలు ఎట్లా దొరుకుతాయి? తాటిబెల్లం ముక్క పెట్టింది. పద్మనాభయ్య నువ్వులూ నీళ్ళూ వదులుతూ ఒక్కొక్క ఆకు ముందుకూ జరుగుతున్నాడు. ఒకచోట ఆమె గరిటె పట్టుకుని ఆగింది.

"ఇది వైశాఖం అబ్బయ్యా. మామిడికాయ యాడా దొరకలా. పోయినేడు ఎండబెట్టిన ఒరుగులుంటే అవే వేసి పులుసు పెట్టినా. సర్దుకుంటాడులే."

శాస్త్రులుగారు మంత్రం మధ్యలో తప్పి, మొదటి నుంచి మళ్ళీ అందుకున్నారు.

ఆకులు ఎత్తి దొడ్లో పెట్టగానే కాకులు దిగాయి. ఒక ఆకులోది ఇంకో ఆకులోకి లాగాయి. కాసేపటికి ఏది ఏ నెలో తెలియకుండా పోయింది.

"అయిపోయినట్టేనా స్వామీ?" అని అడిగింది మాలకొండమ్మ.

"అయిపోయిందమ్మా. పెద్దల్లో కలిసిపోయినాడు."

"తొందరగా కలిసినాడు" అన్నది ఆమె.

పుష్యమాసం వచ్చింది. వెన్నులు బయటపడి పాలు పోసుకుంటున్నాయి. పద్మనాభయ్య తానే పార పట్టుకుని మడవ మూల నుంచి మంచి దుబ్బును తవ్వి, కాగులో నాటి, పంచలో పెట్టాడు. మాలకొండమ్మ తన దుప్పటి మడిచి కాగు పక్కన పెట్టింది. ఓబులేసుకు ఆయన ముందుగా కబురు చేయలేదు. కర్మలు ముగియకముందే ప్రయాణం ఖాయం చేసుకుంటే, అన్నకు పెట్టే కూడు రైలు కోసం పెట్టినట్టు ఉంటుందని ఆగాడు. ముగిశాక, రోజు దగ్గరపడితే ఓబులేసే వస్తాడు గదా అనుకున్నాడు.

ఓబులేసు వచ్చాడు. కాగును చూసి సైకిలు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇదేంది అయ్యవారూ?"

"ప్రయాణం ఎప్పుడు ఓబులేసూ?"

"మీరు... మీరు పోవాలనుకున్నారా?"

"అన్నీ ముగించాను. ఇక అడ్డం లేదు."

ఓబులేసు చూపు కిందికి దించాడు. "ఆ రోజు ఈ దారినే పొయినా. పంచ నిండా ఆకులేసి పెడతాండారు. ఇంత నిష్ఠ పట్టినోళ్ళు ఢిల్లీకి యాడ వస్తారు, ఇట్టాంటప్పుడు పోయి అడగడం పాపం గదా అనుకున్నా. పక్కూరాయన పేరు ఇచ్చేసినా. నిన్న రైలెక్కినారు."

పద్మనాభయ్య కాగు అంచుకు అంటిన మట్టిని వేలితో తుడిచాడు.

"మంచిది" అన్నాడు పద్మనాభయ్య.

"ఒక్క మాట చెప్పుంటే అయ్యవారూ..."

"నీ తప్పేముంది? చాలా దూరం తొక్కి వచ్చినావు. మజ్జిగ తాగి పో."

ఓబులేసు వెళ్ళాక మాలకొండమ్మ లోపలి నుంచి వచ్చింది. దుప్పటి తీసి దులిపి మళ్ళీ మడిచింది.

"కాగు ఈడెందుకు అబ్బయ్యా? మళ్ళా కయ్యలో పెట్టు. అన్నిటితో పాటు అదీ పండుద్ది."

పెట్టాడు. అది వేరు పట్టుకోలేదు. వెన్నుల్లో పాలు గట్టిపడకముందే ఆకులు ఎర్రబారాయి. కయ్యంతా కోతకు వచ్చినప్పుడు మడవ దగ్గర ఆ ఒక్క దుబ్బు తాలు పోయి నిలబడి ఉంది. కూలివాళ్ళు దాన్ని వదిలేసి చుట్టూ కోసుకుపోయారు.

తిథులు వస్తూనే ఉన్నాయి. పుష్యమాసపు తిథినాడు మాలకొండమ్మ తలకు పోసుకుని తడి చీరతో పొయ్యి దగ్గరికి వచ్చి, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుని, మళ్ళీ గూట్లో పెట్టేసింది. ఆ తర్వాతి నెలల్లో తెల్లవారకముందు లేవడం కూడా మానేసింది.

వైశాఖంలో పక్కింటి గురవమ్మ ముత్తుకూరు వైపు తన పుట్టింటికి వెళ్ళి, తోటలో రాలిన మామిడికాయలు గంపెడు తెచ్చి ఇచ్చింది. పద్మనాభయ్య ఒంటిపూట బడి నుంచి వచ్చేసరికి మాలకొండమ్మ ఒక కాయను చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. తొడిమ దగ్గర జీడి కారి ఆమె వేళ్ళు నల్లబడ్డాయి. అది ఏ తిథో ఇద్దరికీ తెలుసు.

"శాస్త్రులుగారిని అడగనా వదినా? ఒక్క ఆకు మళ్ళీ పెట్టడానికి దారి ఉందేమో."

"వద్దబ్బయ్యా. ఈ నెలది పెట్టేసినాం గదా. మళ్ళా పెడితే, ఆ పొద్దు ఆయన సర్దుకున్నదానికి అర్థమేముంది?"

ఆమె కత్తిపీట వాల్చుకుంది. కాయలన్నీ ముక్కలు చేసి, ఉప్పు చల్లి, చాప మీద ఎండలో పరిచింది. ఒక్క ముక్క కూడా పొయ్యి మీదికి పోనివ్వలేదు.

పద్మనాభయ్య చొక్కా విప్పి గుంజకు తగిలించి, కాకులు రాకుండా చాప పక్కన కూర్చున్నాడు.