పాలపొడి డబ్బా సైలెన్సర్

నేను ఒక చిన్న పెట్రోలు ఇంజన్‌ని. నా కింద మెలికలు తిరిగిన పొడవాటి బరమా బిగించి ఉంటుంది. గడ్డకట్టిన సరస్సులో దానితో గుంతలు తవ్వడమే నా పని. మంచు మందం కొలిచేవాళ్లు నన్ను లద్దాఖ్ తీసుకెళ్లారు. నీళ్లు గడ్డకట్టాక వాటి లోతు చూడాలనే ఆత్రం మనుషులకే ఉంటుంది.

అక్కడ నన్ను చూసుకునే మెకానిక్ గున్నయ్య. సోంపేట దగ్గర సముద్రం ఒడ్డున పడవల ఇంజన్లు బాగుచేసినవాడు. అతని భార్య నీలవేణికి గొంతులో గడ్డ తీశారు. అప్పటినుంచీ ఆమెకు గుసగుస తప్ప మాట రావడం లేదు. మూడు నెలల్లో గొంతు తిరిగొస్తుందని డాక్టరు అంటే, ఆ ధైర్యంతోనే ఇతను బయలుదేరాడు.

శిబిరంలో ఒకటే ఫోను. ఆదివారం మధ్యాహ్నం పావుగంట గున్నయ్య వంతు. కాస్త ఎండ తగిలే ఆ వేళే గుంతలూ తవ్వాలి. పక్కనే మరొకరు నన్ను నడుపుతుంటే, నా రొదలో ఆమె గుసగుస కొట్టుకుపోయేది. ఏమీ వినబడకపోయినా అతను "ఆఁ, ఆఁ" అనేవాడు. తర్వాత వచ్చి నా సైలెన్సర్‌ని తడుముతూ కూర్చునేవాడు.

చివరికి నా రొద తగ్గేలా ఏదైనా అమర్చుకోనా అని శిబిరం పెద్ద వసుంధర మేడమ్‌ని అడిగాడు.

"మిషన్ చెడిపోతే ఈ చలికాలమంతా వృథా అవుతుంది గున్నయ్యా," అందామె.

"సెడిపోనివ్వనమ్మా. అది నా పూచీ."

ఖాళీ పాలపొడి డబ్బాలో గిన్నెలు తోమే స్టీలు పీచు కూరి, నా పొగగొట్టానికి తగిలించాడు. డబ్బాకు మొదట పెట్టిన గొట్టం సన్నదై పొగ బయటికి పోక నాకు ఊపిరాడలేదు. వెడల్పు గొట్టం పెట్టాడు. మర్నాటికి డబ్బాలో చేరిన తేమ గడ్డకట్టి దారి మూసుకుపోయింది. అడుగున మేకుతో చిల్లు పొడిచాడు. అప్పుడు కుదిరింది. బలం కొంచెం తగ్గినా, నా గొంతు బాగా దిగింది.

ఆ ఆదివారం ఫోనులో సన్నటి గుసగుస నాకూ వినబడింది.

"మావా, నా గొంతు ఇంక రాదంట. మూడు వారాల్నుంచీ ఇదే సెప్తన్నాను. నువ్వు ఆఁ అంతన్నావు."

గున్నయ్య ఫోను చెవికి అదుముకున్నాడు.

"ఇప్పుడు ఇనిపిస్తంది, నీలా."

"ఎప్పుటికీ ఇలాగే మాటాడితే నీకు ఇసుగెత్తదా?"

"దగ్గిర కూకుంటాను. సెప్పు."

మంచు కరిగే రోజుల్లో అతను ఊరికి వెళ్లిపోయాడు. నన్ను తనకిమ్మని అడిగి చూశాడు కానీ, శిబిరం సామాను ఇవ్వడం కుదరదన్నారు. నన్ను పెట్టెలో పెడుతూ, "మా ఊర్లో మంచేదీ? అయినా తీసుకుపోదునే," అన్నాడు.

ఇప్పుడు శిబిరానికి బ్యాటరీ యంత్రాలు వచ్చాయి. నేను లేహ్‌లో ఒక గోదాములో ఉన్నాను. సముద్రం ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఎవరైనా తలుపు తీసి తెలుగులో మాట్లాడితే మాత్రం, అతనేమో అనుకుంటాను.