ఓసిలో వచ్చిన ఏనుగు

ధర్మపురి బస్టాండు వెనక సందులో, టైర్ల కొట్టు పైన మేడలో, రైతుల యంత్రాల సంఘం ఆఫీసు ఉంది. ట్రాక్టరు, రోటవేటర్, నూర్పిడి మిషను సంఘానివి. కావలసిన రైతు ఫోన్ చేసి చెబితే వరస ప్రకారం పొలానికి పంపుతారు. ఆ ఏడాది అక్కడ రేగిన గొడవంతా ఇద్దరు జి. సీనప్పల పుణ్యం.

ఒకాయన తాత, ఇంకొకడు మనవడు. గోపాలప్ప కొడుకు సీనప్ప, ఆ సీనప్ప కొడుకు గోపాలప్ప, ఈ గోపాలప్ప కొడుకు మళ్ళీ సీనప్ప. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనవాళ్ళకి ఎంత ముద్దో, తండ్రి పేరులో మొదటి అక్షరం ముందు తగిలించమనే తమిళనాటి కాగితాలకి అది అంత తలనొప్పి. మహేంద్రమంగళంలో ఆ ఇద్దరి పొలాలూ గట్టు పక్కన గట్టు. మాటలు మాత్రం లేవు. తాత అడిగిన రోటవేటర్ తిన్నగా పోయి మనవడి చేలో దిగింది. మనవడేమైనా వద్దంటాడా, హాయిగా దున్నించుకున్నాడు. తాత ఆఫీసుకొచ్చి గుమ్మంలో బైఠాయించి, న్యాయం జరిగేదాకా లేవనన్నాడు.

ఫోనెత్తి బుకింగు రాసుకున్నది చిత్ర కాబట్టి అక్షింతలు చిత్రకే పడ్డాయి. ఆమె తప్పేమీ లేదు. ఆఫీసులో మూడు పాత కంప్యూటర్లున్నాయి, మూడింటిలో మూడు పట్టికలు. ఒకదాని పేరు ‘ఫైనల్’, రెండోదాని పేరు ‘కొత్త ఫైనల్’, మూడోది ‘ఇదే ఫైనల్’. ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చుంటే అందులో రాసిపోయేవారు. బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఏది ఫైనలో చెప్పలేడు.

చిత్ర చెట్టికరై కాలేజీలో ఇంజనీరింగ్ చదివింది. సంఘం అధ్యక్షుడు భూపతి ఆమెకి సొంత మేనమామ. కంప్యూటర్ పని అని పిలిచి ఆయన ఆమెను ఫోను పక్కన కూర్చోబెట్టాడు. ఇంట్లో అమ్మ, “నాలుగేండ్లు చెట్టికరైకి బస్సెక్కి చదివినావు, ఫోనెత్తేదానికా?” అని రోజూ సాంబారులో పోపు వేసినట్టు వేసేది. అది విన్న పూట చిత్రకి అన్నం సయించేది కాదు. కోపం వచ్చేది, కోపం కింద సిగ్గూ వచ్చేది.

తాత సీనప్ప లేచి వెళ్ళాక భూపతి మేనకోడలికి ఒక అవకాశం ఇచ్చాడు. అందరూ ఒకే చోట రాసి, ఒకే చోట చూసుకునే ఏర్పాటు ఒకటి కావాలి. శుక్రవారం కమిటీలో ఆమె దాన్ని అందరి చేతా ఒప్పించాలి. ఒప్పించలేకపోతే సేలం నుంచి బాలమురుగన్ అనే ఆయన ప్యాకేజీ తెచ్చి పెడతాడు. ప్యాకేజీతో పాటు దాన్ని నడిపే మనిషిని కూడా ఆయనే తెస్తాడు. అప్పుడిక చిత్రకి ఫోనొక్కటే మిగులుతుంది, అమ్మ మాటే నిజమవుతుంది.

చిత్ర కొంగు బిగించింది. ఓపెన్ సోర్స్ డేటాబేసులు చూసింది. అంటే ఎవరో రాసి, లోపలి రాతంతా తెరిచి లోకం ముందు పెట్టి, వాడుకోండి, బాగుచేసుకోండి, పంచుకోండి అని వదిలేసినవి. ఒకదాని గుర్తు ఈక. పేరుకు తగ్గట్టే తేలిక, అంతా ఒక్క ఫైలులో ఇమిడిపోతుంది, ఒక్క కంప్యూటర్ ఉన్నచోట దానికి సాటి లేదు. ఇక్కడ మూడింటి మీద ముగ్గురు ఒకేసారి రాసేవాళ్ళు కదా, అందుకని పక్కన పెట్టింది. రెండోది మారియాడీబీ. మూడోది పోస్ట్‌గ్రెస్, దాని గుర్తు ఏనుగు. రెండూ మంచివే. ఏనుగుతో కాలేజీలో చెలిమి ఉంది కాబట్టి, మూడు కంప్యూటర్లలో కొంచెం ఒంట్లో సత్తువ ఉన్నదాంట్లో దాన్ని పెట్టి, దాని మీద తనే చిన్న బుకింగు ప్రోగ్రాము కట్టింది. అందులో ప్రతి మనిషికీ ఒక నంబరు. తాత సీనప్ప వేరు, మనవడు సీనప్ప వేరు. తాత నంబరు కొడితే రోటవేటర్ ఇక మనవడి గట్టు తొక్కదు. చూసుకుని ఆమెకే ముచ్చటేసింది.

శుక్రవారం కమిటీ కూడింది. భూపతి, కోశాధికారి బాలసుబ్రమణ్యం, పిక్కిలి నుంచి రంగమ్మ. గోడవారగా ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, నవ్వుమొహంతో బాలమురుగన్ కూడా కూర్చున్నాడు. చిత్ర గోడమీద తెర వేసి చూపించింది. తెరమీద ఏనుగు బొమ్మ పడగానే రంగమ్మ మొహం మాడిపోయింది. నిరుడు అడవిలోంచి దిగిన ఏనుగుల గుంపు ఆమె రాగిచేను తొక్కి, తిన్నంత తిని, తినంది పడుకోబెట్టి పోయింది. ఆఫీసులోకి ఆ జంతువు రాకూడదని ఆమె తేల్చి చెప్పేసింది. భూపతి అది వినాయకుడని నచ్చజెప్పబోతే, వినాయకుడైతే తన చేలోకి ఎందుకొచ్చాడని నిలదీసింది.

పోనీ రెండోది చూద్దాం, మారియా అని చిత్ర అనబోయింది. బాలసుబ్రమణ్యం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఆయన చెవికి మారి అన్నంతవరకే వినపడింది. మారెమ్మ ఆఫీసులో వెలిస్తే మాటలా? చెప్పులు కింద టైర్ల కొట్టు దగ్గరే విడిచి రావాలి. మాంసం తిన్న చేత్తో కీబోర్డు తాకకూడదు. ఏడాదికొకసారి అంబలి పోయాలి. రిపేరుకని బ్యాగులో పెట్టి ఊరు దాటించారో, ఆమె కోపానికి ఎవరు జవాబుదారీ? అది ఎక్కడో విదేశంలో దాన్ని తయారుచేసినాయన కూతురి పేరని చిత్ర చెప్పింది. అమ్మవారు ఏ దేశంలో ఏ పేరుతో ఉంటుందో మనకేం తెలుసునని ఆయన భక్తిగా రెండు చెంపలూ వేసుకున్నాడు. బాలమురుగన్ నవ్వు ఇంకాస్త విచ్చుకుంది.

అసలు దెబ్బ ఇవేవీ కాదు. దీనికి మనం ఎవరికి ఏమివ్వాలని భూపతి అడిగాడు. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదని చిత్ర సంబరంగా చెప్పింది.

“అంటే ఓసి,” అన్నాడు బాలసుబ్రమణ్యం.

ఆ ఒక్క మాటతో గదిలో గాలి ఆడనట్టయిపోయింది. ఊరికే వచ్చిన తిండిని, ఊరికే ఎక్కిన బండిని తమిళనాట ఓసి అంటారు. చిన్నప్పుడు బంధువుల పెండ్లిలో పంక్తి మధ్యలో ఎవరో భూపతిని చూసి, ఓసి కూడు అని నవ్వారట. ఆ రోజు విస్తరి ముందు నుంచి లేచిన మనిషి, ఈ రోజుకీ ఓసికి కూర్చోలేదు. కూరగాయలతో పాటు ఊరికే వేసే కరివేపాకును కూడా తూకం వేయిస్తాడు. మిఠాయికొట్టులో రుచి చూడమంటే చేతులు వెనక్కి కట్టుకుంటాడు. ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తి, పెట్టెయ్యండి అని చెప్పి, తనే తిరిగి చేస్తాడు. వచ్చిన ఫోనులో మాట్లాడితే ఖర్చు అవతలివాడిది కదా మరి.

“ఓసిలో వచ్చేది మన సంఘానికి వద్దు పాపా,” అన్నాడు భూపతి, ఆమె మొహం చూడకుండా. “రేపు నలుగురు ఏమంటారు? బాగా బతికినోళ్ళు ఓసికి చెయ్యి చాపినారంటారు. మరియాద పోతాది.”

చిత్ర ఏనుగుకి, అమ్మవారికి సిద్ధపడి వచ్చింది గానీ ఈ మాటకి సిద్ధపడలేదు. ఇదే అదను అనుకుని బాలమురుగన్ లేచి నిలబడి, చక్కటి తమిళంలో, సంఘం మీద గౌరవంతో తన ప్యాకేజీ మొదటి ఏడాది పూర్తిగా ఉచితంగా ఇస్తానన్నాడు. భూపతి ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, కాఫీ తాగి వెళ్ళమన్నాడు. ఏం చెడిందో తెలియక ఆయన బ్యాగు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఈలోగా రంగమ్మకి ఇంకో చోట కాలింది.

“నేను ఈ పొద్దు ఆడోళ్ళకి టిక్కెట్టు లేని సర్కారు బస్సులో వచ్చినాను. అట్లయితే నేనూ ఓసిదాన్నే కదా, తలైవరూ?” అంది.

సంఘానికి అధ్యక్షుడు, అంటే తలైవరు, అయినందుకు భూపతి నాలుక కరుచుకుని, అది వేరు ఇది వేరు అని ఏదో గొణిగాడు. వేరెట్లా అవుతుందో చెప్పమని ఆమె పట్టుబట్టింది. చేను తొక్కిన ఏనుగు మీద కోపం ఆమె అప్పటికి మరిచేపోయింది. అట్లా ఆమె ఏ ఉద్దేశమూ లేకుండానే చిత్ర పక్కకి వచ్చి నిలబడింది. చిత్రకి కొంచెం ధైర్యం వచ్చింది. మామను ఇంతమందిలో ఎదిరించి మాట్లాడింది ఎన్నడూ లేదు. అయినా అడిగేసింది.

“మామా, ఎండల్లో మీరు మోరు పందిలి వేస్తారు కదా. దాంట్లో మజ్జిగ తాగి పోయేవాళ్ళంతా ఓసిగాళ్ళా?”

భూపతి తల ఎత్తాడు. ప్రతి చిత్తిర నెలలోనూ బస్టాండు మూల తాటాకు పందిరి వేసి, పెద్ద కాగులో మజ్జిగ కలిపి, పచ్చిమిర్చి, కరివేపాకు తుంచి వేసి, దారిన పోయేవాళ్ళందరికీ తన చేత్తో పోస్తాడాయన. ఆ కరివేపాకు కూడా తూకం వేయించి తెచ్చిందే. తాగినవాడు మూతి తుడుచుకుని వెళ్ళిపోతే, పిలిచి ఇంకో గ్లాసు పోస్తాడు. వాళ్ళని ఓసిగాళ్ళని ఎవరైనా అంటే ఆయన చెంబు విసిరేసేవాడు. తిండి దగ్గర పడ్డ ఆ పాత మాటని మజ్జిగతో కడుక్కుంటున్నాడని చిత్రకి అప్పుడే తట్టింది. మామ మీద జాలి వేసింది, అడగకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

ఆయన కుర్చీ తెరవైపు జరుపుకున్నాడు.

“దాహానికి తాగేది ఓసి కాదు,” అన్నాడు. “శరి. మరి మనమేమి పోస్తాము?”

చిత్ర ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు చెప్పేసింది. తను కట్టిన బుకింగు ప్రోగ్రామును కూడా లోపలంతా తెరిచి లోకంలో పెట్టేద్దాం, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకుంటారు. ఎవరైనానా అని ఆయన అడిగాడు. ఎవరైనా అని ఆమె అంది. పాలక్కోడు రోడ్డు మీది సంఘం మురుగేశన్ కూడానా అని బాలసుబ్రమణ్యం చల్లగా అందించాడు. మురుగేశన్ వీళ్ళ ట్రాక్టరు డ్రైవర్‌ని మంచి మాటలు చెప్పి ఎగరేసుకుపోయిన మనిషి. భూపతి ఆ మాట విననట్టే, కానిమ్మని చేత్తో సైగ చేశాడు. రంగమ్మ వెళ్తూ వెళ్తూ తెరవైపు ఒక చూపు చూసి, “చేలోకి వచ్చేదాన్ని ఆపలేకపోయినాము, ఇదన్నా ఒళ్ళు వంచి పని చేయనీ,” అంది.

ఏనుగు ఒళ్ళు వంచింది. తాత సీనప్ప రోటవేటర్ తాత చేలోనే దిగింది. తన నంబరు పక్కనే మనవడి నంబరు ఉందని ఆయన మళ్ళీ వచ్చి పోట్లాడాడు, అది వేరే సంగతి. అది సర్ది చెప్పడం ఏ డేటాబేసు వల్లా అయ్యే పని కాదు. ఇంట్లో అమ్మ మాత్రం అదే పాట పాడుతూనే ఉంది. ఎందుకంటే ప్రోగ్రాము నడుస్తున్నా ఫోను ఇంకా చిత్ర బల్లమీదే ఉంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మురుగేశన్ మెట్లెక్కి వచ్చాడు. ఎండ గురించి మాట్లాడాడు, టమోటా ధర గురించి మాట్లాడాడు. చివరికి నసుగుతూ అసలు విషయానికొచ్చాడు. వాళ్ళ సంఘంలో అడుగుకొక మాదేశన్ ఉన్నాడట, నూర్పిడి మిషను ఎప్పుడూ ఏ మాదేశన్‌కో పోతోందట. భూపతి సంఘంలో ఏదో మంచి ప్రోగ్రాము ఉందని విన్నాడట. ఎంతివ్వాలో చెబితే ఇచ్చి తీసుకుపోతాడట.

చిత్ర చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఓసికి వచ్చావా అని ఒక్క మాట అనడానికి మామకి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. అనేస్తాడనే ఆమెకి భయం. అంటే కమిటీలో తాను చెప్పిందంతా ఉత్త మాటలైపోతాయి.

భూపతి మురుగేశన్‌కి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ధర ఏమీ లేదు, దాహమైనవాళ్ళంతా తాగొచ్చునని తమిళంలోనే చెప్పాడు. ఆ తర్వాత మేనకోడలి వైపు తిరిగాడు.

“నన్ను కాదు అడిగేది. ఈ పందిలి మా చిత్రది. చెంబు ఆమె చేతిలో ఉండాది.”

మురుగేశన్ తన కుర్చీని చిత్ర వైపు తిప్పుకున్నాడు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. అది కనపడకుండా తెరమీదికి వంగి ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంది. అప్పుడే ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి అటు పోయింది.

“నువ్వు పని చూడు పాపా, నేనెత్తుతా,” అని భూపతి లేచి వచ్చి ఫోనెత్తాడు. ఎత్తి, పెట్టెయ్యండి నేనే చేస్తానని చెప్పి, పెట్టేసి, ఆ నంబరుకి తిరిగి ఫోన్ చేశాడు.