క్రిస్మస్ చెట్టు మీద ఎర్ర పిడి

మంచు కావాలట, మంచు! భూమధ్యరేఖ పక్కనున్న ఈ దేశంలో డిసెంబరైనా నడినెత్తిన నిప్పులే. గోడమీద చెయ్యి వేస్తే చుర్రుమంటుంది. మా ఏడేళ్ళ పిల్ల మాత్రం క్రిస్మస్ అంటే మంచు ఉండాల్సిందేనని టీవీ చూసి తేల్చేసింది. తానా అంటే తందానా అనే తండ్రి ఒకడు దానికి ఉండనే ఉన్నాడు. మా ఆయన చేపల కోల్డ్ స్టోరేజీలో మెకానిక్కు.

"మంచేగా తల్లీ! మా ఫ్రీజర్ గది గోడలనిండా అదే. గీరి తెచ్చుకుందాం పద" అన్నాడు.

చర్చి నుంచి వచ్చి కొత్త బట్టలైనా మార్చకుండా డబ్బా పట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. పండగ సెలవు, అక్కడ పురుగు కూడా ఉండదు. తాళాలు ఈయన దగ్గరే ఉంటాయి.

ఇట్టే వచ్చేస్తామన్నవాళ్ళు ఎంతకీ రారే! కేకు చల్లారింది. ఫోన్ చేస్తే అందుబాటులో లేదంటోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. రానీ, తండ్రీకూతుళ్ళ పని చెప్తా అని గొణుక్కుంటూ చెట్టు కింద పశువుల పాక బొమ్మ సర్దుతున్నాను. అప్పుడు కనబడింది, గంటలకీ నక్షత్రాలకీ మధ్య ఎర్రగా, గుండ్రంగా ఓ పిడి.

"అత్తయ్యా, ఇదెక్కడిది?"

"అబ్బాయి పనిముట్ల దగ్గర పడుంటే తుడిచి కట్టానే. ఎర్రగా ముద్దొస్తోంది కదూ?"

మొన్న దీన్ని అన్నం బల్లమీద పెట్టాడని ఆయన మీద ఎగిరిపడ్డాను, చేపల కంపని. అప్పుడే చెప్పాడు, అది గడ్డకట్టించే గదికి లోపలివైపు ఉండే పిడి అని. పొరపాటున తలుపు మూసుకుపోతే లోపలివాళ్ళు దాన్ని తోసుకుని బయటపడాలట. స్ప్రింగు పట్టేసిందని బాగుచెయ్యడానికి ఇంటికి తెచ్చాడు. తలుపు పడితే ఇక లోపలినుంచి దారి లేదు.

"ఏమైందే?" అని అత్తయ్య అరుస్తోంది.

"ప్రార్థన చెయ్యండి" అన్నాను. పిడి లాక్కుని వీధిలో పడ్డాను.

పట్టుచీర కాళ్ళకి అడ్డం పడుతోంది. చెప్పులు మర్చిపోయానని తారురోడ్డు మీద పాదాలు కాలాక తెలిసింది. వర్క్‌షాపులన్నీ షట్టర్లు దించేసి ఉన్నాయి. పిలుద్దామంటే మనిషి లేడు. ఆయనకి తెలుసు కదా పిడి లేదని, తలుపుకి పెట్టె అడ్డం పెట్టే ఉంటాడు, అంత తెలివితక్కువవాడేం కాదు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. మరి ఇంతసేపేమిటి? ఆ ఫోనేమిటి? ప్రభువా, పిల్ల ఒంటిమీద పల్చటి గౌను ఒక్కటే ఉంది!

గేటు తీసే ఉంది. లోపల మెషీను గుర్రుమంటోంది. నడవా చివర ఆ గది తలుపు ముందు ఆయన చెప్పులు, పక్కన పిల్ల చెప్పులు.

తలుపు మూసి ఉంది.

చెవి ఆనించాను. ఏమీ వినబడలేదు. జానెడు మందం తలుపు, లోపల గొంతు చించుకున్నా బయటికి రాదని ఆయనే చెప్పేవాడు. గొళ్ళెం పట్టుకుంటే చెమటకి చెయ్యి జారిపోతోంది. చీర కొంగు చుట్టి, కాలు గోడకి తన్నిపెట్టి గుంజాను. తెరుచుకుంది. తెల్లగా పొగ మొహాన కొట్టింది.

మూలన ఖాళీ గోనెసంచుల గుట్ట. అందులో మా ఆయన ముడుచుకుని కూర్చున్నాడు, కనుబొమలు తెల్లబడిపోయి. పిల్ల ఆయన చొక్కా లోపల ఉంది, నెత్తి ఒక్కటే కనబడుతోంది. ఆయన నన్ను చూసి లేవబోయాడు, కాళ్ళు రాలేదు. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఇద్దర్నీ ఎలా ఈడ్చానో తెలీదు, నడవాలోకి తెచ్చి పడేశాను. పిల్ల బుగ్గలు రుద్దుతున్నాను, ఏడుస్తున్నాను, తిడుతున్నాను.

"బుద్ధుందా మీకు? పెట్టె అడ్డం పెట్టలేదా?"

"పె... పెట్టాను" అన్నాడాయన. తల తిప్పుకున్నాడు.

పిల్ల కళ్ళు తెరిచింది. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"నాన్న మంచు గీరుతుంటే నేనే పెట్టె లాగేశానమ్మా. చల్లదనమంతా పోతోందని తలుపేశాను. నువ్వు తిడతావు కదా."

రోజూ తిడతాను. ఫ్రిజ్ తలుపు తీసి నిలబడితే చాలు, మూస్తావా, ఊరంతా చల్లబరుస్తావా అని నెత్తిన ఒక్కటిస్తాను. ఆ ఉక్కలో, బయట ఉన్న నేనే వణికిపోయాను.

తలుపు బార్లా తెరిచే ఉంది. చల్లటి పొగ మా కాళ్ళ మీదుగా వీధిలోకి పోతోంది. పిల్ల అటే చూస్తోంది, భయంభయంగా.

"మూసెయ్యనా అమ్మా?"

"వద్దు తల్లీ," అన్నాను దాన్ని గుండెలకి అదుముకుని. "ఉండనీ. ఊరంతా చల్లబడనీ."