జితేందర్ గడప

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ల వెనక, పార్కింగ్ లాట్ చివర, జితేందర్ పొద్దున్నే లేచి గడప తుడుచుకుంటాడు. ఇల్లు లేదు, తలుపు లేదు, టేకు గడప మాత్రం ఉంది. బుర్రలో గొంతులు మొదలై, ఉద్యోగం పోయి, అపార్ట్‌మెంట్ కూడా పోయిన రోజు నుంచీ అది ఆయన వెంటే నడుస్తోంది. ఆయన ఎక్కడ పడుకుంటే అక్కడ, ఆయన ముందే అడ్డంగా పడుకుంటుంది. పోలీసులైనా కార్లకు అడ్డం లేకుండా జరపమంటారు, అంతే.

వసుమతి కౌంటీ ప్రభుత్వం డబ్బుతో నడిచే ప్రోగ్రామ్‌లో పనిచేస్తుంది. జితేందర్ లాంటివాళ్లకు డాక్టర్నీ, మందుల్నీ, ఇంటినీ చూసిపెట్టాలి. మందులు బుద్ధిగా వేసుకుంటున్నాడు. ఇంటి దగ్గరే పేచీ.

"జితేందర్ గారూ, రెంట్ కౌంటీ పే చేస్తుంది. ఇవాళ మూవ్ అవ్వకపోతే యూనిట్ వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ప్లీజ్, కీ తీసుకోండి."

"వద్దు మేడమ్."

వసుమతికి ఏడుపొచ్చింది. ఈ ఇంటికోసం ఎన్ని ఆఫీసుల గడపలు తొక్కిందో పాపం!

కొడుకింటికి వచ్చిన లక్ష్మీకాంతమ్మ, స్టోర్‌కి వచ్చే ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాస్తుంది. ఇప్పుడూ అదే పనిలో ఉండి అంతా వింది.

"అదేం ఇవ్వడమే అమ్మాయ్? గడప ఇవతల నిలబడి ఇస్తే ఎవరైనా పుచ్చుకుంటారా? లోపలికి వెళ్లి ఇవ్వు."

వసుమతి నాలిక కరుచుకుంది. దూరంగా నిలబడి మాట్లాడమని ట్రైనింగ్‌లో నేర్పారు, అమ్మ నేర్పినదేమో మరిచిపోయింది. చెప్పులు విడిచి, కుడికాలు పెట్టి గడప దాటింది.

"రా అక్కా, కూసో," అంటూ జితేందర్ దుప్పటి దులిపి పరిచాడు. సీసాలో నీళ్లిచ్చాడు. ఆమె తాగి, తాళంచెవి ఇచ్చింది. రెండు చేతులా అందుకున్నాడు.

గడప లేచింది. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ ముందు నడిచి, మెట్లెక్కి, కొత్తింటి ద్వారబంధంలో కొలిచి కోసినట్టు సరిపోయింది. అపార్ట్‌మెంట్ మేనేజర్ చూసి, కాలు తగలకుండా చూసుకోమన్నాడు.

"మరి ఆ బుర్రలో గొంతులు?" అని మెల్లగా అడిగింది వసుమతి.

"బయటనే ఉండుమన్న అక్కా. ఇంటయో లేదో సూడాలె."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాసేపు కూర్చుని లేచి, "వెళ్లొస్తాను జితేందర్ గారూ," అంది.

ఇన్నేళ్లూ ఆయన్ని పొమ్మన్నవాళ్లే గాని, ఆయన దగ్గర సెలవు తీసుకున్నవాళ్లు లేరు. జితేందర్ గడప లోపల నిలబడ్డాడు.

"పోయి రా అక్కా."